సైడివ్వాల్సింది ఎవరు?

మన ఎడ్లపాడు మీదుగా పోయేది చిన్నా చితకా రోడ్డు కాదు. కలకత్తాకీ మద్రాసుకీ మధ్య పరుగెత్తే జాతీయ రహదారి. ఒకప్పుడు 5వ నెంబరు రోడ్డు అనేవాళ్ళం, ఇప్పుడు 16వ నెంబరు అంటున్నారు. పేరులోనే ఎడ్లున్న వూరు మనది. ఎడ్లబళ్ళు నడిచిన చోట ఇప్పుడు రాత్రనకా పగలనకా లారీలు, బస్సులు, కార్లు పోతున్నాయి. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడ్డాక మన మండలం గుంటూరు జిల్లా నుంచి పల్నాడులోకి వచ్చింది. జిల్లా మారింది, రోడ్డు నెంబరు మారింది, రోడ్డు వెడల్పు పెరిగింది. మారనిది ఒకటే. రోడ్డు మీద ఎవరు ఆగాలి, ఎవరు పోవాలి అన్న లెక్క.

ఈ పక్షం మేము ఆ లెక్క గురించే రాస్తున్నాం. భూమి సమస్య వుంది, కూలి రేట్ల సమస్య వుంది, శ్మశానం స్థలం లేని పల్లెలున్నాయి, ఇవన్నీ వదిలేసి హారన్ల గురించీ లైట్ల గురించీ రాయటమేంటి అని కొందరు మిత్రులు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ భూమి దగ్గరికి పోవాలన్నా, ఆ కూలికి పోవాలన్నా, చివరికి ఆ శ్మశానానికి పోవాలన్నా మనం నడిచేది రోడ్డు మీదే. మనిషికి మనిషి ఇచ్చే విలువ ఎంతో రోజుకి వందసార్లు తేలిపోయే చోటు కూడా ఇదే.

ఒక గంట రోడ్డు పక్కన నిలబడి చూడండి. ముందు సైకిలు పోతుంటే వెనక కారు ఎట్లా హారను కొడుతుంది? చెయ్యి తియ్యకుండా కొడుతుంది. అదే కారుకి ముందు పార్టీ జెండా కట్టిన పెద్ద కారు అడ్డం వుంటే హారను మీద చెయ్యి పడదు. కాసేపు దాని వెనకే బుద్ధిగా పోతుంది. ఆ డ్రైవరుకి ఓపిక లేదని ఎవరన్నారు? కావలసినంత వుంది. అది ఎవరి దగ్గర చూపించాలో కూడా ఆయనకి బాగా తెలుసు. రాత్రిపూట ఎదురుగా బస్సు వస్తే లైటు డిప్పు చేస్తాడు. ఎదురుగా వచ్చేది పాత మోపెడ్ అయితే కళ్ళు బైర్లు కమ్మేలా పెద్ద లైటు అట్లాగే వుంచుతాడు. మోపెడ్ మీద మనిషి రోడ్డు దిగి మట్టిలోకి పోవాల్సిందే. వాన కురిసి గుంటలో నీళ్ళు నిలిచిన చోట తెల్లబట్టలాయన నడుస్తుంటే బండి నెమ్మదిస్తుంది. గడ్డిమోపు నెత్తినెట్టుకున్న మనిషి నడుస్తుంటే బురద ఎగిరి మొహాన పడుతుంది.

ఇక నోటి సంగతి. బండికి బండి రాసుకుంటే దిగిన ఇద్దరూ ముందు ఒకరినొకరు పైనుంచి కిందికి చూసుకుంటారు. బట్టలు చూస్తారు, బండి చూస్తారు, కాళ్ళకున్న చెప్పులు చూస్తారు. ఆ చూపు అయ్యాకే 'ఏమండీ' అనాలో 'ఏరా' అనాలో తేలుతుంది. తల నెరిసిన ఆటో డ్రైవరుని పాతికేళ్ళ కారు కుర్రాడు 'కళ్ళు కనపడట్లేదా రా' అంటాడు. మూట నెత్తినెట్టుకుని రోడ్డు దాటే మన అమ్మని 'చావటానికి నా బండే దొరికిందా నీకు' అంటాడు. ఆమెది వాళ్ళమ్మ వయసే. తన బజార్లో అదే వయసు ఆడమనిషి ఎదురైతే 'పెద్దమ్మా, జాగ్రత్త' అని బండి ఆపి దాటించేది కూడా ఆ కుర్రాడే. మర్యాద నేర్వని మనిషి కాదు అతను. మర్యాద ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వక్కర్లేదో ఇంట్లోనే నేర్చుకుని బయలుదేరాడు.

'రోడ్డు మీద పోయేవాడి కులం ఎవరికి తెలుస్తుంది? అంతా తొందర, అంతా పొగరు, ఇందులో కులం ఎక్కడుంది?' అని ఒక వాదన వుంది. ప్రతి హారను వెనకా కులమే వుందని మేము అనటం లేదు. పెద్ద వూళ్ళల్లో తెలియని మనుషుల మధ్య చాలావరకు డబ్బు పొగరే మాట్లాడుతుంది. కానీ మన పల్లెల మధ్య తిరిగే రోడ్ల మీద ఏ బండి ఎవరిదో, ఏ ఆటో ఏ పల్లె నుంచి వచ్చిందో అందరికీ తెలుసు. తెలియని చోట బండిని బట్టి, బట్టని బట్టి, ఒంటి రంగుని బట్టి ఊహించుకుంటారు. ఆ ఊహకి కూడా కష్టపడక్కర్లేకుండా కొందరు వెనక అద్దం మీద తమ కులం పేరు పెద్దక్షరాలతో రాయించుకుంటున్నారు. 2024 ఎన్నికల తర్వాత మన రాష్ట్రంలో ఎంతోమంది బళ్ళ మీద ఎమ్మెల్యే గారి తాలూకా అన్న స్టిక్కర్లు వెలిశాయి. కొందరికి అది సరదా, అభిమానం కావచ్చు. కానీ ఎవరి తాలూకానో చెప్పుకుంటే తప్ప రోడ్డు మీద దారి దొరకదని మనిషి అనుకుంటున్నాడంటే, ఆ రోడ్డు మీద చట్టం నడవటం లేదనే కదా అర్థం? మరి ఎవరి తాలూకా కాని మనిషి గతేమిటి?

మన పెద్దవాళ్ళని అడగండి, చెబుతారు. వూళ్ళోకి రాగానే చెప్పులు విడిచి చేత పట్టుకోవటం, కామందు ఇంటిముందు సైకిలు దిగి నడిపించుకుంటూ పోవటం, ఎదురుగా ఆసామి వస్తే భుజం మీద తువ్వాలు తీసి చంకన పెట్టుకుని గోడవారకి ఒదగటం, ఇవన్నీ వాళ్ళు పడ్డవే. అప్పుడు హారను అక్కర్లేదు. అరుగు మీద నుంచి ఒక దగ్గు వినపడితే చాలు, సైకిలు దిగాల్సిందే. ఆ దగ్గే ఇవాళ హారనయింది. ఆ అరుగే ఇవాళ నాలుగు చక్రాల మీద కదులుతోంది.

దారి ఎవరికి వదలాలన్నది ఈ దేశంలో రాతపూర్వకంగానే వుంది. మనుస్మృతి రెండో అధ్యాయంలో దానికి ఒక జాబితా ఇచ్చారు. బండెక్కినవాడికి, తొంభై ఏళ్ళు దాటినవాడికి, రోగికి, బరువు మోసేవాడికి, ఆడవాళ్ళకి, వేదం చదువు ముగించిన స్నాతకుడికి, రాజుకి, పెళ్ళికొడుక్కి దారి ఇవ్వాలట. ముసలివాళ్ళూ, రోగులూ, మోతగాళ్ళూ ఆ జాబితాలో వున్నారు. లేరని మేము అబద్ధం చెప్పం. కానీ ఆ జాబితా అక్కడితో ఆగలేదు. వీళ్ళంతా ఒకేచోట ఎదురుపడితే గౌరవం స్నాతకుడికీ రాజుకీ దక్కాలి. రాజూ స్నాతకుడూ ఎదురుపడితే రాజే స్నాతకుణ్ణి గౌరవించాలి. అంటే ఎనభై ఏళ్ళ ముసలాయనకి ఎట్లాగూ చోటు లేదు, తొంభై దాటినవాడూ ఆఖరికి స్నాతకుడికి దారి వదలాల్సిందే. జాబితాలో మొదటి పేరేమో బండెక్కినవాడిది. ఒట్టికాళ్ళతో నడిచిపోయే కూలిమనిషికి, నడుస్తున్నాడు కాబట్టి దారి ఇవ్వాలన్న మాట అందులో ఎక్కడా లేదు. ఇవాళ కారు తోలే కుర్రాడు మనుస్మృతి చదివి వుండడు. చదవకుండానే దాన్ని పాటిస్తున్నాడు.

బాబాసాహెబ్ అంబేడ్కర్ తన అనుభవాలు రాసుకున్న చోట బండి ప్రయాణాలు రెండు వున్నాయి. కార్యకర్తలు వీటిని సభల్లో చెప్పాలి. మొదటిది 1901లో. అప్పటికాయన పదేళ్ళ పిల్లవాడు. సాతారా నుంచి అన్నతో, అక్క పిల్లలతో కలిసి గోరేగావ్‌లో ఉద్యోగం చేస్తున్న తండ్రి దగ్గరికి బయలుదేరాడు. మసూరు స్టేషన్‌లో రైలు దిగారు. మహర్ల పిల్లలని తెలియగానే స్టేషన్ మాస్టరు మొహం మారిపోయింది. బండివాళ్ళు ఒక్కరు కూడా ఎక్కించుకోలేదు. ఆఖరికి ఒకడు ఒప్పుకున్నాడు. ఎట్లా? కిరాయి రెండింతలు ఇవ్వాలి, బండి పిల్లలే తోలుకోవాలి, తాను పక్కన నడిచి వస్తాడు. అంటరాని పిల్లల్ని కూచోబెట్టి బండి తోలటం అవమానమని ఆ బండివాడి బాధ.

రెండోది 1929లో. అప్పటికి ఆయన విదేశాల్లో చదివి వచ్చిన బారిస్టరు, అంటరానివాళ్ళ కష్టాల విచారణకు బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీలో సభ్యుడు. చాలీస్‌గావ్‌లో దిగితే మహర్‌వాడకి తీసుకుపోవటానికి టాంగావాళ్ళు ఒప్పుకోలేదు. టాంగా అద్దెకిస్తాం గానీ తోలం అన్నారు. మనవాళ్ళు తమలోనే ఒకణ్ణి తోలమన్నారు. పాపం, అతనికి టాంగా తోలటం రాదు. వంతెన దగ్గర చక్రం రాళ్ళలో ఇరుక్కుని గుర్రం బెదిరింది. బాబాసాహెబ్ కింద రాళ్ళ మీద పడ్డారు, కాలు విరిగింది. టాంగా తోలేవాడి ఆదాయమెంత, ఆయన చదువెంత! అయినా తాను పై మనిషినన్న నమ్మకంతోనే టాంగావాడు కళ్ళెం పట్టలేదు. చేతిలో కళ్ళెమున్నా స్టీరింగున్నా, మనిషికి తన పక్కనున్నవాడి కంటే పై మెట్టు మీద వున్నానన్న భ్రమ ఎక్కుతుంది. ఇప్పటి మన రోడ్ల జబ్బుకి వేరు అక్కడే వుంది.

ఈ జబ్బుకి మనవాళ్ళు తలవంచి వూరుకోలేదు. తిరువాన్కూరులో అయ్యంకాళి 1893లో ఎడ్లబండి కొని, మనకి నిషేధమైన రాజమార్గం మీద దర్జాగా తోలుకుంటూ పోయాడు. అడ్డం వచ్చినవాళ్ళని ఎదిరించాడు. వైకోంలో 1924, 25 సంవత్సరాల్లో సత్యాగ్రహం జరిగింది గుళ్ళోకి పోవటానికి కాదు, గుడి చుట్టూ వున్న రోడ్ల మీద నడవటానికి. ఉత్తగా నడవటానికి! ఇట్లాంటి పోరాటాల తర్వాతే రాజ్యాంగంలో 15వ అధికరణం రెండో భాగం వచ్చింది. బావులు, చెరువులు, స్నానఘట్టాలతో పాటు రోడ్లు కూడా ఆ వాక్యంలో పేరుపెట్టి రాశారు. కులం పేరుతో ఎవరినీ రోడ్డు వాడుకోకుండా ఆపగూడదని. మన రాజ్యాంగం రాసిన చేతికి రోడ్డు అంటే ఏమిటో బాగా తెలుసు. ఆ రోడ్డు మీదే కాలు విరిగింది.

అదంతా పాత కథ అనేవాళ్ళకి ఇటీవలి సంగతులు రెండు చెబుతాం. 2020 జూలైలో తూర్పు గోదావరి జిల్లా సీతానగరం మండలం మునికూడలిలో ఇసుక లారీ ఒక మనిషిని గుద్దింది. వూరి కుర్రాళ్ళు లారీలు ఆపి నిలదీశారు. అప్పటి అధికార పార్టీ స్థానిక నాయకుడికీ వాళ్ళకీ మాటామాటా పెరిగింది. ఆ తర్వాత పోలీసులు ఒక దళిత యువకుణ్ణి స్టేషన్‌కి పట్టుకుపోయి కొట్టి, తలా మీసమూ గొరిగించారు. రాష్ట్రమంతా గగ్గోలు పుట్టాక ఎస్సైని సస్పెండ్ చేసి కేసు పెట్టారు. గుద్దిన లారీని ఆపి ఇదేంటని అడిగినందుకు మన కుర్రాడికి దక్కిన మర్యాద అది. 2025 ఫిబ్రవరిలో తమిళనాడు శివగంగ జిల్లాలో ఒక దళిత విద్యార్థి బుల్లెట్టు బండి మీద పోతున్నందుకు చేతుల మీద కత్తులతో నరికారని కేసయింది. బండి అతనిదే. రోడ్డు అందరిదీ. బండెక్కటమే అతని నేరం.

ఇట్లాంటివి జరుగుతాయని చట్టానికీ తెలుసు. అందుకే 1989 అట్రాసిటీ చట్టాన్ని 2015లో సవరించి, 2016 జనవరి 26 నుంచి అమల్లోకి తెచ్చినప్పుడు కొత్త మాటలు చేర్చారు. ఎస్సీ ఎస్టీలని సైకిలు గానీ మోటారు సైకిలు గానీ ఎక్కనివ్వకపోవటం, చెప్పులు వేసుకోనివ్వకపోవటం, పెళ్ళి వూరేగింపులో గుర్రమో బండో ఎక్కనివ్వకపోవటం శిక్షించదగ్గ నేరాలని విడిగా రాశారు. సైకిలు ఎక్కే హక్కుకి పార్లమెంటు చట్టం చెయ్యాల్సి వచ్చిన దేశం మనది.

ఇప్పుడు ప్రాణాల లెక్కకి వద్దాం. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022 ఒక్క ఏడాదిలో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్ళలో 32,825 మంది నడిచిపోయేవాళ్ళు. 74,897 మంది రెండు చక్రాల బళ్ళ మీద వున్నవాళ్ళు. అంటే చనిపోయిన ప్రతి అయిదుగురిలో దాదాపు ఒకరు బండే లేని మనిషి. చిన్నబండీ లేనివాళ్ళూ, చిన్నబండి వున్నవాళ్ళూ కలిపితే సగం కంటే ఎక్కువ. పెద్దబండి వాడి కోపానికి, తొందరకి, మొండితనానికి ప్రాణం చెల్లించేది చిన్నవాళ్ళే.

మన పల్నాడు చూడండి. 2023 మేలో దాచేపల్లి మండలం పొందుగల దగ్గర తెల్లవారుజామున లారీకీ ఆటోకీ ప్రమాదం జరిగి, కృష్ణ అవతలి నల్గొండ జిల్లా నుంచి కూలికి వస్తున్న ఆడవాళ్ళు అయిదుగురికి పైగా చనిపోయారు. 2025 ఫిబ్రవరిలో ముప్పాళ్ళ మండలం బొల్లవరం దగ్గర మిరప కూలీలున్న ట్రాక్టరు బోల్తాపడి నలుగురు ఆడవాళ్ళు చనిపోయారు. ఆ ప్రమాదాల్లో తప్పెవరిదో తేల్చాల్సింది కోర్టులు. మేము అడిగేది వేరే. మిరప కోతలొస్తే ఒక్క ఆటోలో ఎంతమందిని కుక్కుతున్నారు? డ్రైవరు సీటుకి అటొకరు ఇటొకరు, వెనక కాళ్ళు బయటికి వేలాడేసుకుని ఇంకొందరు. ట్రాక్టరు ట్రక్కులో మిరప టిక్కీలు వెయ్యటానికి జాగ్రత్తగా తాళ్ళు కడతారు. మనుషుల్ని మాత్రం పట్టుకోవటానికి ఏమీ లేకుండా నిలబెడతారు. సరుకు తోలే బండిలో మనుషులు పోయి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ చెయ్యి దులుపుకోవటానికి చూస్తుంది. అట్లా ఎక్కించుకున్న బండికి వెనక నుంచి హారను కొట్టి, పక్కకి తోసి పోయేవాడు ఆ ట్రక్కులో వున్నది మనుషులని చూస్తున్నాడా?

డ్రైవర్లందరినీ ఒకే గాటన కట్టటం మా ఉద్దేశం కాదు. లారీ డ్రైవరు కూడా కూలివాడే. రోజుకి 8 గంటల పని అని 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. లారీ మీద ఆ 8 గంటలు చూసిన డ్రైవరు ఎంతమంది? సరుకు తెల్లారేసరికి చేరాలని ఓనరు ఫోనులో తిడతాడు. ఆ తిట్టు డ్రైవరు క్లీనరు మీదికి దించుతాడు, లేకపోతే ముందున్న ఆటో మీదికి దించుతాడు. ఆటోవాడు సైకిలు మీదికి, సైకిలువాడు నడిచేవాడి మీదికి. మెట్లు మెట్లుగా వున్న కుండల వరసలాగా పై కుండలో నీళ్ళు కింది కుండలోకి కారుతూనే వుంటాయి. అట్టడుగు కుండలో నిండేదంతా అవమానమే.

అయినా ఈ దేశంలో రోడ్డు మర్యాద ఏమన్నా మిగిలి వుందంటే అది ఎక్కువగా పనివాళ్ళ దగ్గరే మిగిలింది. వెనకవాడు దాటటానికి దారి ఖాళీగా వుందో లేదో చూసి చెయ్యి వూపి పంపించే లారీ డ్రైవర్లున్నారు. బండి పాడయితే వెనకొచ్చేవాడికి తెలిసేలా చెట్టుకొమ్మలు నరికి రోడ్డు మీద పెట్టే క్లీనర్లున్నారు. ఎదర ప్రమాదం జరిగిందని లైటు కొట్టి హెచ్చరించే బస్సు డ్రైవర్లున్నారు. రాత్రిపూట పురిటి నొప్పులతో వున్న మనిషిని కిరాయి మాట ఎత్తకుండా ఆసుపత్రికి చేర్చిన ఆటో డ్రైవర్లు ప్రతి పల్లెలో వున్నారు. వాళ్ళకి ఈ మర్యాద ఎవరూ పుస్తకం పెట్టి నేర్పలేదు. ఒకరి ప్రాణం ఒకరి చేతిలో వుందని తెలిసిన మనుషుల మర్యాద అది. రిజర్వేషను సీటులో చదివి ఉద్యోగమొచ్చి కారు కొన్న మనవాళ్ళు కూడా నేర్చుకోవాల్సింది వాళ్ళ దగ్గరే.

ఇప్పుడు మనలో మనం మాట్లాడుకుందాం. ఇవాళ మన పల్లెల్లో ఆటోలున్నాయి, బుల్లెట్లున్నాయి, కార్లు కూడా వచ్చాయి. సంతోషం. తాతలు సైకిలు దిగి నడిచిన వీధిలో మనవడు బండి మీద తలెత్తుకుని పోవటం చిన్న విషయం కాదు. ఆ బండికి పెట్రోలు చదువే పోసింది, ఉద్యమమే పోసింది. కానీ బండెక్కగానే కొందరు మన కుర్రాళ్ళు కూడా అదే కామందు దగ్గు దగ్గుతున్నారు. సైలెన్సరు తీసేసి అర్ధరాత్రి వీధులు అదరగొట్టటం, డివైడరు దాటాల్సి వస్తుందని రాంగ్ రూట్లో ఎదురు రావటం, సైకిలు మీది తాతని 'ఏయ్ ముసలోడా, తప్పుకో' అనటం మన పల్లెల్లోనూ చూస్తున్నాం. బండి వెనక బాబాసాహెబ్ బొమ్మ, బండి ముందు భయంతో గంతేసిన ముసలమ్మ! ఆ బొమ్మకి ఇంతకంటే అవమానం ఏముంటుంది? అవతలివాణ్ణి పక్కకి నెట్టటం ఆత్మగౌరవం కాదు. పక్కకి నెట్టే పని లేకుండా బతకటం కోసమే కదా ఇన్నేళ్ళ పోరాటం? కిందికి ఒక మెట్టు మిగిలుంటే చాలు, దాని మీద కాలు పెట్టి నిలబడదామనుకోవటమే మనువాదం. అది కారులో పోయేవాడిలో వున్నా తప్పే, ఆటోలో పోయే మనవాడిలో వున్నా తప్పే.

కాబట్టి సైడివ్వాల్సింది ఎవరు? చట్టం ఈ ప్రశ్నకి ఎప్పుడో జవాబు చెప్పింది. 2017 మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు నడిచేవాళ్ళ పట్ల, సైకిలు తొక్కేవాళ్ళ పట్ల, పిల్లలు, ముసలివాళ్ళు, వికలాంగుల పట్ల బండి నడిపేవాడు ప్రత్యేక జాగ్రత్త తీసుకోవాలని చెబుతున్నాయి. మను చెప్పినట్టు బండెక్కినవాడికి నడిచేవాడు దారి ఇవ్వటం కాదు, నడిచేవాడికి బండెక్కినవాడు ఇవ్వాలి. బలమున్నవాడు ఆగాలి, లేనివాడు పోవాలి. బడిలో పిల్లలకి రోడ్డు దాటేటప్పుడు కుడివైపు చూడు, ఎడమవైపు చూడు అని రోజూ చెబుతున్నాం. అటు నుంచీ ఇటు నుంచీ వచ్చే బళ్ళవాళ్ళకి ముందు చూసుకోమని చెప్పేదెవరు? మనమే చెప్పాలి. అడగాలి. అవసరమైతే నిలదియ్యాలి. అందుకోసం కార్యకర్తలు ఈ కింది సంగతులు గుర్తుపెట్టుకుని పల్లెల్లో చెప్పండి.

ఒకటి. రోడ్డు మీద ఎవరన్నా కులం పేరుతో తిట్టినా, నలుగురిలో అవమానించినా అది అట్రాసిటీ చట్టం 3వ సెక్షన్ కింద నేరం. రోడ్డు నలుగురూ చూసే చోటే. తిరిగి చెయ్యి చేసుకోకండి. చేసుకుంటే మీ మీదే ఎదురు కేసు తయారవుతుంది. బండి నెంబరు, టైము, చోటు రాసుకోండి, చూసినవాళ్ళ పేర్లు అడిగి పెట్టుకోండి. 2018 సవరణ తర్వాత ఈ చట్టం కింద కేసు కట్టటానికి ముందు విచారణ కావాలని స్టేషన్లో అనటానికి వీల్లేదు. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చెయ్యాలి.

రెండు. ప్రమాదం జరిగితే ముందు 108కి ఫోన్ చెయ్యండి. గుద్దిన డ్రైవరు గాయపడినవాళ్ళకి వైద్యం అందేలా చూడాలని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ చెబుతోంది. ఎత్తుకుని ఆసుపత్రిలో చేర్చినవాళ్ళని కేసుల్లో ఇరికిస్తారన్న భయం అక్కర్లేదు. 2019 సవరణలో వాళ్ళకి రక్షణ కల్పించారు. గాయపడ్డవాళ్ళకి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా డబ్బు కట్టకుండా వైద్యం అందించే పథకాన్ని కేంద్రం 2025లో ప్రకటించింది. ఆసుపత్రిలో ఆ పథకం పేరు చెప్పి అడగండి.

మూడు. గుద్ది ఆపకుండా పోయిన బండి ఏదో తెలియకపోయినా నష్టపరిహారం లేదనుకోకండి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పథకం కింద మనిషి చనిపోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు వస్తాయి. తహసీల్దారు ఆఫీసులోనో ఆర్డీవో ఆఫీసులోనో అడిగి దరఖాస్తు పెట్టించండి. ఇది తెలియక ఎన్ని కుటుంబాలు కన్నీళ్ళతోనే సరిపెట్టుకున్నాయో!

నాలుగు. ఏ వూరికి ఆ వూరు లెక్క తియ్యండి. మన పల్లె నుంచి బడికీ, పొలానికీ, మిల్లుకీ పోయేవాళ్ళు ఏ చోట రోడ్డు దాటుతున్నారు? అక్కడ దీపముందా? దాటే దారి గీశారా? బళ్ళు నెమ్మదించే ఏర్పాటు వుందా? లేకపోతే గ్రామసభలో తీర్మానం చేయించి జాతీయ రహదారుల సంస్థకీ, కలెక్టరుకీ పంపండి. రోడ్డు వేసినప్పుడు కార్లు ఎంత వేగంగా పోవాలో లెక్క కట్టినవాళ్ళు, మన ముసలమ్మ ఆ రోడ్డు దాటటానికి ఎంతసేపు పడుతుందో కూడా లెక్క కట్టాలి.

అయిదు. మన ఆటో డ్రైవర్లూ, ట్రాక్టరు డ్రైవర్లూ, బళ్ళున్న కుర్రాళ్ళూ పల్లెలో ఒకచోట కూచుని కట్టుబాటు చేసుకోండి. పట్టినంతమందినే ఎక్కించుకుంటాం, సరుకు ట్రక్కులో మనుషుల్ని ఎక్కించం, రాంగ్ రూట్లో రాం, నడిచేవాళ్ళకి ఆగుతాం, అంబులెన్సుకి దారి వదులుతాం, ఎంత చిన్నవాడినైనా రోడ్డు మీద 'రా' అనం. అంబులెన్సుకి దారి వదలకపోతే 10 వేల రూపాయల జరిమానా వుందని కూడా చెప్పండి. తక్కువమందిని ఎక్కించుకుంటే కిరాయి గిట్టదంటారు, నిజమే. అందుకే కూలీలని తోలే కిరాయి ఖర్చు పొలం ఆసామి భరించాలని మేస్త్రీలూ కూలీలూ కలిసి అడగాలి. మనుషుల్ని పొదుపు చేసి కిరాయి మిగుల్చుకునే పద్ధతి ఇక చాలు.

ఇవేవీ పెద్ద పెద్ద విప్లవాలు కావు. కానీ రోడ్డు మీద ఒక మనిషి ఇంకొక మనిషి కోసం ఒక్క నిమిషం ఆగటమంటే, నువ్వూ నాలాంటి మనిషివే అని ఒప్పుకోవటం. వేల ఏళ్ళుగా ఈ దేశం మనకి ఇవ్వనిది ఆ ఒక్క నిమిషమే. దాన్ని మనం హక్కుగా అడుగుదాం. అడిగే నోటితోనే మనకంటే చిన్నవాళ్ళకి ఇద్దాం. రేపు పొద్దున బండి తీసేటప్పుడు ముందు ఎవరన్నా నడుస్తూ కనపడితే హారను మీద నుంచి చెయ్యి తియ్యండి. వాళ్ళు దాటాక పోదాం.

జై భీమ్.